చమురు చేయు రెండు పనులు

ఎద్దుబండి ఇరుసునకు కందెన వేయుట పల్లెలలో అందరు నెరిగిన పనియే. ఇరుసును చక్రమును ఒకదానినొకటి ఒరసికొని అరిగిపోకుండ ఆ కందెన కాపాడును. మోటారు ఇంజనులో పోయు చమురు కూడ ముఖ్యముగా ఇందుకొరకే ఉద్దేశింపబడినది. కాని జపాను దేశమునందలి హిరోషిమా నగరములో తయారైన ఒక విధమగు ఇంజనులో చమురునకు రెండవ పని యొకటి కలదు. మంట తగులుచున్న యంత్రభాగమును లోపలినుండి చల్లార్చుటయే ఆ పని. అది మొదటి పనికంటె తక్కువది కాదు. చమురు మితిమీరి వేడెక్కినచో రెండు పనులును ఒక్కసారే చెడును. కావుననే మాజ్దా ఆర్‌ఎక్స్-7 అను స్పోర్ట్స్ కారును నడుపువారు, వేగమును తెలుపు ముల్లును ఎంత శ్రద్ధగా చూతురో, చమురు వేడిని తెలుపు ముల్లును గూడ అంత శ్రద్ధగా చూచుచుందురు.

సాధారణమైన ఇంజనులో పిస్టను పైకిని క్రిందికిని ఆడుచుండును. అట్టి కదలిక లేకయే, కేవలము తిరుగుటచేత పనిచేయు ఇంజనును నిర్మింపవచ్చునని జర్మను దేశీయుడగు ఫెలిక్స్ వాంకెల్ తలంచెను. ఈతడు 1902లో పుట్టి 1988లో మరణించెను. 1957లో ఎన్.ఎస్.యు. కంపెనీవారి కర్మాగారములో ఇట్టి ఇంజను మొదటిసారిగా నడిచెను. దీని గది రెండు గింజల వేరుసెనగ కాయవలె నడుమ కొంచెము నొక్కుకొని యుండును. అందులో ఉబ్బిన ప్రక్కలు గల త్రికోణాకారపు ఇనుప దిమ్మ తిరుగును. దానికి రోటరు అని పేరు. రోటరు మూడు మూలలును ఎల్లప్పుడు గోడను తాకుచునే యుండుటచే, గోడకును రోటరునకును నడుమ మూడు ఖాళీలు ఏర్పడును. రోటరు తిరుగుకొలది ఒక్కొక్క ఖాళీ పెరుగుచు తరుగుచు, పెట్రోలు కలిసిన గాలిని పీల్చి, అదిమి, మండించి, కాలిన వాయువును వెడలగొట్టును. రోటరు ఒకమారు తిరుగునంతలో దాని నడుమనున్న ఇరుసు మూడుమార్లు తిరుగును.

మంట తగిలిన గోడను చల్లార్చుటకు గోడలోపలి దారులలో నీరు ప్రవహించుచుండును. రోటరునకు ఆ సౌకర్యము లేదు. నిరంతరము తిరుగు దిమ్మలోనికి నీటి గొట్టమును కూర్చుట ఎట్లు? గోడను తాకునవి మూలలయందలి సన్నని సీళ్లు మాత్రమే. వానిద్వారా గోడకు పోవు వేడి స్వల్పము. అందుచేత రోటరును బోలుగా పోతపోసి, ఇరుసులోని సన్నని రంధ్రములనుండి చమురును దాని కడుపులోనికి చిమ్మునట్లు ఏర్పాటు చేసిరి. చమురు రోటరు లోపలి గోడలను తడిపి, వేడిని గ్రహించి, తిరుగుడు ఊపునకు ప్రక్కలకు విసరివేయబడి, అడుగున నున్న తొట్టిలో పడును. పంపు దానిని తోడి ఆయిల్ కూలరునకు పంపును. ఆయిల్ కూలరు రేడియేటరు వంటిదే. నీటికి బదులు అందులో చమురు పారును, ఎదురుగాలి దానిని చల్లార్చును. అటుపిమ్మట చమురు ఫిల్టరులో శుభ్రపడి మరల ఇరుసునకు చేరును. ఇంజను చల్లార్పులో దాదాపు మూడవ వంతు చమురు పాలిట పడునని యంత్రజ్ఞులు లెక్కింతురు. రోటరీ ఇంజను చిన్నది, తేలికయైనది, కదలు భాగములు తక్కువ గలది అని మెచ్చుకొనువారు సామాన్యముగా ఈ భారమును చెప్ప మరతురు.

మాజ్దా కార్లను చేయు హిరోషిమా కంపెనీకి ఆనాడు టోయో కోగ్యో అని పేరు. ఆ కంపెనీ 1961లో ఎన్.ఎస్.యు. వారియొద్ద ఈ ఇంజనును చేయుటకు అనుమతి పొందెను. 1963లో కెనిచి యమమోటో అను ఇంజనీరు నాయకత్వమున ఒక పరిశోధన శాఖ ఏర్పడెను. వారికి ఎదురైన కష్టములు రెండు. మూలల సీళ్లు గోడపై వరుసగా గీతలు పెట్టుచుండెను. వానిని వారు దయ్యపు గోళ్ల గీతలని పిలిచిరి. రెండవది చమురు వలన వచ్చినది. రోటరు కడుపులోని చమురు ప్రక్కల సందులగుండ మంట గదిలోనికి జారి, దట్టమైన తెల్లని పొగగా వెడలుచుండెను. చమురు లోపల ఉండవలెను, కాని హద్దు దాటరాదు. రోటరు ప్రక్కలకు రబ్బరుతో కూడిన వలయములను అమర్చి ఆ హద్దును నిలుపుటకు వారు ఎంతయో శ్రమపడవలసివచ్చెను. 1967లో వారి మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ అమ్మకమునకు వచ్చెను. ఆర్‌ఎక్స్-7 మొదటి తరము 1978లోను, మూడవ తరము 1991లోను వెలువడినవి.

మూడవ తరపు కారులో రెండు రోటర్లు కలవు. ఒక్కొక్క గది పరిమాణము 654 ఘన సెంటీమీటర్లు. ఇంత చిన్న ఇంజనునుండి మొదట 255 అశ్వశక్తిని రాబట్టిరి. అందుకు సాధనము టర్బో. ఇంజను విడుచు వేడి వాయువులచేత ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే ఇరుసునకు అమర్చిన మరియొక చక్రముచేత గాలిని ఒత్తిడితో ఇంజనులోనికి నెట్టుటయే టర్బో చేయు పని. ఈ కారులో అట్టివి రెండు. తక్కువ వేగమున ఒకటియే పనిచేయును. ఇంజను నిమిషమునకు సుమారు 4,500 చుట్లు తిరుగునప్పుడు రెండవది తోడగును. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ మంట. ఆ వేడి రోటరును చేరి, రోటరునుండి చమురును చేరును. అంతటితో ముగియలేదు. నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగు టర్బో ఇరుసునకు కూడ ఆ చమురే కందెన. రోటరీ ఇంజను విడుచు వాయువు ఇతర ఇంజన్ల వాయువుకంటె మిక్కిలి వేడిగా నుండును గనుక అక్కడను చమురు కాగుచుండును.

కాగిన నూనె పెనముపై ఎంత చురుకుగా పారునో వంటయింటిలో చూచుచునే యుందుము. 30 గ్రేడు చమురు 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనున్న చిక్కదనములో 100 డిగ్రీల వద్ద ఎనిమిదవ వంతో తొమ్మిదవ వంతో మాత్రమే నిలుపుకొనును. ఇంకను వేడెక్కినచో బేరింగుల నడుమ చమురు పొర పలుచనై లోహమును లోహము తాకును. రోటరు ప్రక్కల వలయములలోని రబ్బరు గట్టిపడి పెళుసగును. వెనుకటి తెల్లపొగ మరల ప్రత్యక్షమగును. అప్పుడు ఇంజనును పూర్తిగా విప్పక గత్యంతరము లేదు. చమురు వేడి 80 మొదలు 100 డిగ్రీల లోపల నుండుట మేలనియు, 110 దాటినచో వేగము తగ్గింపవలెననియు, 120కి రానీయరాదనియు అనుభవజ్ఞులు చెప్పుదురు. ముల్లు చూపు అంకె కొలత తీసికొను చోటునుబట్టి మారును. తొట్టిలోని చమురు వేడి, కూలరు దాటివచ్చిన చమురు వేడి ఒకటి కావు.

వేడిని మోయుటలో చమురు నీటికి సాటి రాదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు ఉష్ణములో సుమారు సగమే ఒక కిలో చమురునకు చాలును. కాబట్టి చమురును విస్తారముగా త్రిప్పవలెను, పెద్ద కూలరులో చల్లార్పవలెను. 1993లో అమెరికాలో అమ్మిన ఈ కార్లలో సామాన్య రకమునకు ఒకే కూలరును, పందెపు దారిని ఉద్దేశించిన ఆర్1 రకమునకు ముందు చక్రముల యెదుట ఇరుప్రక్కల రెండు కూలర్లను పెట్టిరి. ఒకటి గలవారు పలువురు తరువాత రెండవదానిని కొని అమర్చుకొనిరి.

అయితే కూలరు పెద్దదైనంతమాత్రమున ఫలితము రాదు. గాలి నీటివలెనే సులభమైన త్రోవను వెదకును. ముందు రంధ్రములోనికి వచ్చిన గాలికి కూలరు ప్రక్కన సందు కనబడినచో, రెక్కల నడుమ దూరక ఆ సందుననే పోవును. అందుచే రంధ్రమునుండి కూలరు వరకు రేకుతో దారి కట్టి, అంచులను మెత్తని స్పాంజితో మూయుదురు. కూలరు వెనుక గాలి వెడలు మార్గమును అంతే ముఖ్యము. వెడలలేని గాలి లోనికి రాదు. కొత్త కూలరుకై వేలు పోయుటకు ముందు ఈ సందులను మూసి చూచుట తెలివైన పని.

చమురు మరీ చల్లగా నుండుటయు దోషమే. చల్లని చమురు చిక్కగానుండి సన్నని దారులలో తొందరగా పారదు. అందులో చేరిన నీటితేమయు పెట్రోలును ఆవిరియై పోవు. కావున కూలరులో మైనముతో పనిచేయు కవాటము నొకదానిని పెట్టిరి. చల్లగా నున్నప్పుడు మైనము గడ్డకట్టియుండి, చమురును కూలరు రెక్కలలోనికి పోనీయక దగ్గరి దారిన మరలించును. వేడెక్కగనే మైనము కరిగి, ఉబ్బి, కవాటమును నెట్టి, చమురును రెక్కలలోనికి పంపును. విద్యుత్తు లేదు, మనుష్యుని చేయి లేదు. పదార్థముల వ్యాకోచమే అంతయు నడుపును.

ఇక మిగిలినది నడుపువాని నేర్పు. చమురు వేడెక్కువరకు ఇంజనును వేగముగా త్రిప్పరాదు. తిన్నని దారిన వేగముగా పోవునప్పటికంటె, వంకరలు గల కొండదారిన చిన్న గేరులో ఎక్కునప్పుడే చమురు ఎక్కువ కాగును. అచ్చట శ్రమ అధికము, ఎదురుగాలి స్వల్పము. పందెపు దారిలో కొన్ని చుట్లు గట్టిగా నడిపినవారు ఒక చుట్టు పెద్ద గేరులో మెల్లగా తిరిగి చమురును చల్లబడనిత్తురు. గమ్యము చేరినంతనే ఇంజనును ఆపక, ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనిత్తురు. లేనిచో పంపు ఆగిపోయి, కాలుచున్న టర్బో ఇరుసునొద్ద నిలిచిన చమురు మాడి బొగ్గగును.

ఈ కార్ల తయారీ 2002లో నిలిచిపోయినది. వానిని ఉంచుకొనినవారు నేటికిని చమురును సుమారు 5,000 కిలోమీటర్లకొకసారి మార్చుదురు. ఏలయన అందులో పెట్రోలు కలిసి దానిని పలుచన చేయును. మూలల సీళ్లకై ఒక చిన్న పంపు కొంత చమురును నేరుగా మంట గదిలోనికి పంపుచుండుటచే తొట్టిలోని మట్టము తరుగుచుండును. అందువలన రెండుమార్లు పెట్రోలు పోయించినప్పుడు ఒకమారైనను కొలబద్దను తీసి, తుడిచి, మరల ముంచి, మట్టమును చూచుకొందురు.