బైబిల్‌లో మాణిక్యం నిజంగా మాణిక్యమేనా?

మీ ఫోన్‌లో తెలుగు బైబిల్ యాప్ ఉంటే నిర్గమకాండం 28వ అధ్యాయం తెరవండి. యూదుల ప్రధాన యాజకుడు గుండెల మీద పెట్టుకునే పతకం గురించి అక్కడ ఉంటుంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు. నాలుగు వరసల్లో వరసకు మూడు చొప్పున 12 రాళ్లు. ఒక్కో రాయి మీద ఇశ్రాయేలు గోత్రాల్లో ఒక్కో పేరు చెక్కాలి. ఆ 12లో మొట్టమొదటిది మాణిక్యం. అంటే మనం కెంపు అంటాం చూడండి, అదే రూబీ.

ఇప్పుడు అదే వచనం ఇంగ్లిష్‌లో చూడండి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో సార్డియస్. ఎన్ఐవీ 1984 ఎడిషన్‌లో రూబీ. అదే ఎన్ఐవీ 2011కి వచ్చేసరికి కార్నీలియన్! అసలు గొడవంతా హీబ్రూ మాటతోనే. మూలంలో ఉన్నది ‘ఓదెం’. ఎరుపు అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట. అంటే ‘ఎర్రది’ అని, అంతే. మన కెంపు సంగతీ ఇదేగా? కెంపు అంటే ముందు ఎరుపు, ఆ తర్వాతే రాయి.

పాతకాలంలో రాయికి పేరు పెట్టింది రంగును చూసే. లోపల ఏ ఖనిజం ఉందో తేల్చే పరీక్షలు అప్పుడు లేవు. ఇందులో వాళ్లను తప్పుపట్టలేం. బ్రిటన్ రాజకిరీటంలో మెరిసే ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ కూడా రూబీ కాదు, స్పినెల్ అనే వేరే రాయి.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకులోకి అనువదించినవాళ్లు ఓదెంను ‘సార్డియోన్’ అన్నారు. ఇది కార్నీలియన్ జాతి రాయి. తర్వాత 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ వచ్చాడు. ఆయనది యాజక కుటుంబం. అయినా ఒక పుస్తకంలో మొదటి రాయి సార్డియస్ అని, ఇంకో పుస్తకంలో సార్డోనిక్స్ అని రాశాడు. ఆయనకే అలా ఉంటే మన అనువాదకుల్ని ఏమంటాం? ప్రకటన గ్రంథంలో సార్డియోన్ అనే ఒకే గ్రీకు మాట పాత తెలుగు బైబిల్‌లో 4వ అధ్యాయంలో పద్మరాగం అయింది, 21వ అధ్యాయంలో కెంపు అయింది.

నన్నడిగితే ఇది డిక్షనరీతో తేలే విషయం కాదు, ఉలితో తేలాలి. ఆ రాయి మీద పేరు చెక్కాలి కదా! గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌పై రూబీది 9, దాన్ని మించింది వజ్రం ఒక్కటే. ఆనాటి పనిముట్లతో రూబీ మీద అక్షరాలు చెక్కడం దాదాపు అసాధ్యం. కార్నీలియన్‌ది 7 లోపే. పురాతన కాలంలో ముద్రలు చెక్కడానికి బాగా వాడిన రాళ్లలో ఇదొకటి. చెక్కడం ఎలా అన్న ప్రశ్న యూదు పండితులకూ వచ్చినట్టుంది. షామీర్ అనే వింత ప్రాణిని రాయికి చూపిస్తే గీత వెంట రాయి దానంతటదే విచ్చుకునేదని తాల్ముద్‌లో ఓ కథ ఉంది.

ఇంకో ఆధారం తవ్వకాల్లో ఉంది. నిర్గమకాండం కథ మొదలయ్యేది ఈజిప్టులో. 1922లో బయటపడ్డ టూటన్‌ఖామున్ సమాధిలోని నగల నిండా కార్నీలియన్ ఉంది. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే, ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్లోకి కార్నీలియన్ పూసలు చేరాయి. వాటిలో కొన్ని మన సింధు లోయ పనివాళ్లు చేసినవే! రూబీలు దొరికే మయన్మార్, శ్రీలంకలు వీటికి చాలా దూరం.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ రాయి పని ఇప్పటికీ సాగుతోంది. అక్కడ రాయిని కాలుస్తారు. వేడికి లోపలి ఇనుము మారి, మట్టిరంగు రాయి ఎర్రబడుతుంది. హీబ్రూలో మట్టిని ‘అదామా’ అంటారు. ఓదెంలో ఉన్న అక్షరాలే అందులోనూ ఉన్నాయి. అందుకే నా ఓటు కార్నీలియన్‌కే. ఎర్ర జాస్పర్ అనేవాళ్లూ లేకపోలేదు, అదీ చెక్కడానికి వీలైన రాయే. పతకం దొరికితే ల్యాబ్‌లో నిమిషాల్లో తేలిపోయేది. కానీ అది ఇంతవరకూ దొరకలేదు.