గులాబీ గోడ మీద ఇనుప బిళ్ల

చార్ల్‌స్టన్ పాతపేటలో సొంత ఇల్లున్నా సరే, వీధిలోకి కనబడే గోడకు మనసైన రంగు వేసుకోవడం కుదరదు. ముందుగా నగరం నియమించిన సమీక్షా మండలి ఆ రంగును చూసి సరేననాలి. అదే ఇంటి ఎదుట కాలిబాట మీద ఈజిల్ నిలబెట్టుకున్న చిత్రకారుడు ఆ గోడను ఊదా రంగులో వేసినా అడిగేవాళ్లు లేరు. తమాషా ఏమిటంటే, ఇంటివాళ్ల చేతులు కట్టేసిన ఆ చట్టం రావడానికి వాతావరణం సిద్ధం చేసినవాళ్లలో చిత్రకారులే ముఖ్యులు.

అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు తీరాన, ఆష్లీ, కూపర్ అనే రెండు నదుల నడుమ ఉన్న ఊరిది. ఇంగ్లిష్‌వాళ్లు 1670లో స్థాపించారు. పాతపేటలో ఇవాళ్టికీ ఆకాశాన్ని ఏలేది చర్చి శిఖరాలే; అందుకే దీనికి ‘హోలీ సిటీ’ అన్న ముద్దుపేరు. ఎత్తయిన మేడలు అడ్డురావు కాబట్టి ఎండ వీధుల్లోకి ధారాళంగా దిగుతుంది. సముద్రపు తేమ ఆ ఎండను కాస్త మెత్తబరుస్తుంది. ఆరుబయట బొమ్మలు వేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

ఆరుబయట వేయడమనేది మరీ పాత అలవాటేం కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రేకు గొట్టంలో రంగును నింపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు తైలవర్ణాలను పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకునేవారు. గొట్టాలొచ్చాక రంగులు సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోగలిగారు.

యుద్ధరంగానికి కూడా పోగలిగారు. 1861 ఏప్రిల్ 12న అమెరికా అంతర్యుద్ధానికి తొలి గుండు పేలింది ఈ ఊరి రేవులోని సమ్టర్ కోట మీదే. రెండేళ్ల తర్వాత, ఉత్తరాది నౌకలు రేవును దిగ్బంధించిన రోజుల్లో, కాన్‌రాడ్ వైజ్ చాప్‌మన్ అనే దక్షిణాది సైనికుడికి చిత్రమైన డ్యూటీ పడింది: రేవు చుట్టూ ఉన్న కోటలను, ఫిరంగి దిబ్బలను బొమ్మలుగా వేయడం. పైనుంచి గుండ్లు పడుతుంటే అతను స్కెచ్‌లు గీశాడు. ఆ వరసలో మొత్తం 31 చిత్రాలున్నాయి. అందులో ఒకటి హన్లీ అనే జలాంతర్గామిది. 1864 ఫిబ్రవరిలో శత్రునౌకను ముంచి, తానూ మునిగిపోయిన ఆ పడవను 2000 ఆగస్టులో సముద్రం అడుగునుంచి పైకి తీశారు. మధ్యలో 136 ఏళ్లపాటు అదెలా ఉండేదో తెలుసుకోవాలంటే ఉన్న మంచి ఆధారాల్లో చాప్‌మన్ బొమ్మ ఒకటి.

యుద్ధంలో దక్షిణాది ఓడింది. చార్ల్‌స్టన్ చితికిపోయింది. రంగు వేయించడానికి డబ్బులేదు, సున్నం కొట్టుకోవడానికి అహం ఒప్పుకోదు అని ఆ ఊరి పాత కుటుంబాల మీద ఒక ఛలోక్తి పుట్టింది. ఆ బీదరికమే ఒకరకంగా ఊరిని కాపాడింది. పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోవడంతో పద్దెనిమిదో శతాబ్దపు ఇళ్లు పెచ్చులూడిన గోడలతోనే నిలబడి ఉన్నాయి. 1910ల నాటికి వాటికీ గండం వచ్చింది. తలుపులు, చెక్కపని, ఇనుప గేట్లు ఊడదీసి బయటి ఊళ్లవాళ్లకు అమ్మడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు కొందరు స్త్రీలు పెన్సిళ్లు పట్టుకున్నారు. ఆలిస్ రావెనెల్ హ్యూజీ స్మిత్ 1917లో తండ్రితో కలిసి చార్ల్‌స్టన్ నివాసగృహాల మీద బొమ్మలతో ఒక పుస్తకం తెచ్చింది. ఎలిజబెత్ ఓనీల్ వెర్నర్ రాగిరేకు మీద గీతలు గీసి కాగితం మీదికి అచ్చు తీసే ఎచింగ్ పద్ధతిలో సందులు, గేట్లు, చర్చి శిఖరాలు వేసింది. 1920లో ఉత్తరాది నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హటీ, స్వర్గం దొరికింది వెంటనే వచ్చెయ్యమని భార్యకు టెలిగ్రాం కొట్టాడని కథ. 1929లో ఎడ్వర్డ్ హాపర్ అంతటివాడు కూడా వచ్చి ఇక్కడ నీటిరంగుల బొమ్మలు వేసుకుని వెళ్లాడు. చార్ల్‌స్టన్ పునరుజ్జీవనమని కళాచరిత్రకారులు పిలిచేది ఈ కాలాన్నే. ఈ బొమ్మలు పోస్టుకార్డుల్లా దేశమంతా తిరిగాయి. కూలిపోతున్న ఇళ్లు అందమైనవని ఊరికే కొత్తగా తెలిసింది. 1920లో సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ పూనికతో పాత ఇళ్ల రక్షణకు ఒక సంఘం ఏర్పడింది. 1931లో నగరం పాతపేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అమెరికా మొత్తానికి అలాంటి చట్టం అదే మొదటిది. ఆ రంగుల సమీక్షా మండలి దాని సంతానమే.

ఇవాళ చార్ల్‌స్టన్‌లో ఈజిళ్లు ఎక్కువగా కనబడేది ఈస్ట్ బే వీధిలో. ఒకదానికొకటి ఆనుకుని పదమూడు ఇళ్లు, గులాబీ, పసుపు, లేత ఆకుపచ్చ, నీలం. పేరు రెయిన్‌బో రో. తాగి ఊగుతూ వచ్చే నావికులు తమ ఇల్లు గుర్తుపట్టడానికే ఇన్ని రంగులని గైడ్లు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ అబద్ధం. వర్తకులు కింద దుకాణం, పైన కాపురం పెట్టుకున్న ఈ ఇళ్లు యుద్ధం తర్వాత మురికివాడగా మారాయి. ఫ్రాస్ట్ వీటిలో కొన్నిటిని కొన్నది గానీ బాగుచేయించే డబ్బు సమకూరలేదు. 1931లో డొరతీ పోర్చర్ లెగ్ దంపతులు రెండు నంబర్లున్న ఒక భాగం కొని, దానికి గులాబీరంగు వేయించారు. పక్కవాళ్లు ఆ దారే పట్టారు. అంటే వందల ఏళ్ల వారసత్వమని జనం ఫొటోలు తీసుకునే ఆ రంగుల వయసు ఇంకా నూరేళ్లు నిండలేదు.

ఈ వరస తూర్పుముఖం. కాబట్టి బొమ్మ వేయాలంటే పొద్దున్నే రావాలి. మధ్యాహ్నం దాటితే గోడలన్నీ నీడలోకి జారుకుంటాయి. అనుభవమున్నవాళ్లు మొదట నీడల ఆకారాలు గీసి పెట్టుకుంటారు. తర్వాత సూర్యుడు ఎంత జరిగినా ఆ గీతల్ని మార్చరు. మార్చారా, ఒకే బొమ్మలో రెండు పూటల ఎండ పడుతుంది. నీటిరంగులవాళ్లకు ఇంకో తంటా: వేసవి తేమలో కాగితం ఎంతకీ ఆరదు, మొదటి పూత మీద రెండోది వేయగానే మడ్డిలా కలిసిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలలు నయం. ఒక గంట నిలబడితే కంటికి మరో సంగతి తడుతుంది. గులాబీ గోడ తన రంగును పక్క పసుపు గోడ నీడలోకి విసురుతుంది. ఫోనుతో ఫొటో తీసి పది క్షణాల్లో కదిలిపోయేవాళ్లకు ఇది కనిపించదు.

పక్క వీధుల్లోకి తిరిగితే ఇళ్లు వీధికి పక్కమొహం పెట్టి నిలబడి ఉంటాయి. ఒక గది వెడల్పు, లోపలికి పొడవు. వీధి తలుపు తెరిస్తే వచ్చేది ఇల్లు కాదు, పక్కనే సాగే వరండా. దాన్ని ఇక్కడ పియాజా అంటారు. దక్షిణానికో పడమటికో తిప్పి కడతారు, గాలి కోసం. దాని పైకప్పు లోపలివైపు చాలాచోట్ల లేత నీలం రంగు; దయ్యాలు లోపలికి రావని ఆఫ్రికన్ సంతతి గల్లా ప్రజల నమ్మకం.

ఆ గోడల మీద అక్కడక్కడా గుండ్రటి ఇనుప బిళ్లలు, నక్షత్రాలు, సింహం తలలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అలంకారమనుకుని వదిలేస్తారు. 1886 ఆగస్టు 31 రాత్రి పది కావస్తుండగా ఊరిని భూకంపం ఊపేసింది. తీవ్రత ఏడుకు అటూ ఇటూ. సుమారు 60 మంది చనిపోయారు. బీటలు వారిన ఇళ్లను కూల్చకుండా, ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప కడ్డీలు దూర్చి, బయట బిళ్లలు పెట్టి బిగించారు. ఆ సింహం తల వెనుక ఉన్నది ఒక నట్టు.

బ్రాడ్ వీధి, మీటింగ్ వీధి కలిసే కూడలిలో తెల్లటి సెయింట్ మైకేల్ చర్చి ఉంది. కట్టడం 1752లో మొదలై 1761లో పూర్తయింది. భూకంపానికి దీని గోపురం ఎనిమిది అంగుళాలు కుంగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆంగ్ల నౌకలకు గురి కాకూడదని ఈ తెల్ల గోపురానికి నల్లరంగు పూశారని చెబుతారు. నీలాకాశం ముందు నలుపు ఇంకా బాగా కనబడుతుందన్న సంగతి ఏ చిత్రకారుణ్ణి అడిగినా చెప్పేవాడు! దీని గంటలు లండన్‌లో పోసినవి. 1782లో ఆంగ్లేయులు ఎత్తుకుపోయారు, తిరిగొచ్చాయి. అంతర్యుద్ధంలో కాలిపోతే మళ్లీ లండన్ పంపి పోయించారు. అప్పటికే అట్లాంటిక్‌ను అవి ఐదుసార్లు దాటాయి.

బ్రాడ్ వీధి చివర పాత ఎక్స్‌ఛేంజ్ భవనం, 1771 నాటిది. 1773లో ఈస్టిండియా కంపెనీ పంపిన తేయాకును పన్ను కట్టం పొమ్మని ఊరివాళ్లు కొనలేదు. అధికారులు దాన్ని ఈ భవనం నేలమాళిగలో పడేశారు. 1780లో ఊరిని పట్టుకున్నాక ఆంగ్లసేనల పగ్గాలు అందుకున్న కార్న్‌వాలిస్, తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి శ్రీరంగపట్నంలో టిప్పుసుల్తాన్ మెడలు వంచాడు. ఈ భవనం పక్కనే, ఆరుబయట, మనుషులను వేలం వేసేవారు.

పంచరంగుల బొమ్మల్లో కనిపించని చార్ల్‌స్టన్ ఇక్కడ మొదలవుతుంది. ఈ మేడల డబ్బంతా వరి, నీలిమందులది. ఆ వరి పండించడం తెలిసినవాళ్లు పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన రైతులు. ఉత్తర అమెరికాకు తెచ్చిన ఆఫ్రికన్ బానిసల్లో దాదాపు 40 శాతం ఈ రేవు గుండానే వచ్చారని చరిత్రకారుల అంచనా. పాత గోడల ఇటుకల మీద అక్కడక్కడా వేలి గుర్తులుంటాయి, పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసిన బానిసలవి, వాళ్ల పిల్లలవి.

1920ల నాటి చిత్రకారిణులు ఇళ్లను కాపాడారు, నిజమే. ఆ ఇళ్లు కట్టినవాళ్ల కథను మాత్రం పొగమంచులో వదిలేశారు. స్మిత్ 1936లో అంతర్యుద్ధానికి ముందరి వరి కమతం మీద 30 నీటిరంగుల చిత్రాలతో పుస్తకం తెచ్చింది. ఆమె పుట్టింది 1876లో, బానిసత్వం రద్దయిన పదకొండేళ్లకు. తాను చూడని కాలాన్ని పెద్దల జ్ఞాపకాల నుంచి అంత సుకుమారంగా వేసింది. వెర్నర్ బొమ్మల్లో నల్లజాతి పూలమ్మిలు కూడలికి శోభనిస్తారు, అంతే. అదే ఊళ్లో ఎడ్విన్ హార్ల్‌స్టన్ అనే నల్లజాతి చిత్రకారుడు తనవాళ్లను పేరూ ముఖమూ ఉన్న మనుషులుగా వేశాడు. 1926లో చార్ల్‌స్టన్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన పెడదామనుకుని, తెల్లవాళ్ల అభ్యంతరంతో వెనక్కి తీసుకున్నారు. పునరుజ్జీవనం జాబితాల్లో ఆయన పేరు చేరడానికి చాలాకాలం పట్టింది.

ఊరు ఇప్పుడు కొంత దిద్దుకుంటోంది. 2018లో నగర మండలి బానిసత్వంలో తన పాత్రకు క్షమాపణ చెబుతూ తీర్మానించింది. బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు నేల మీద 2023 జూన్‌లో అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. ఆ నేలను తాకకుండా భవనాన్ని స్తంభాల మీద ఎత్తి కట్టారు. ఇనుప గేట్ల సంగతి కూడా తెలిసొచ్చింది: నగరంలోని వందలాది గేట్లు, కటకటాలు ఫిలిప్ సిమన్స్ అనే నల్లజాతి కమ్మరి చేతిపని. 1912లో పుట్టి 2009 దాకా జీవించాడాయన.

షార్లెట్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు పెద్దలకు చార్ల్‌స్టన్ కారులో మూడున్నర గంటల దూరం. వెళితే చిన్న స్కెచ్ పుస్తకం, ఒక పెన్సిలూ పెట్టుకోండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. పొద్దున రెయిన్‌బో రో చూసుకుని, అక్కడి నుంచి నడిచి గులకరాళ్లు పరిచిన చామర్స్ వీధికి వెళ్లండి. 1859 నాటి పాత బానిసల సంత భవనం అక్కడుంది, ఇప్పుడది మ్యూజియం. ఎత్తయిన కమాను, ఎనిమిది పలకల స్తంభాలతో గీయడానికి అనువుగా ఉంటుంది. దాని ముందు ఈజిళ్లు ఇంకా ఎక్కువే ఉండాలి.