ఉద్యమం తెరకెక్కే దారి

ప్రజా ఉద్యమాన్ని ఇతివృత్తంగా తీసుకున్నంత మాత్రాన సినిమా ప్రజలదవుతుందా? తెలంగాణ సినిమాను ఎదురుగా పెట్టుకొని ఈ ప్రశ్న వేసుకోవలసిన అవసరం ఉందని నేననుకుంటున్నాను.

2011లో ఎన్. శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వీధుల్లో ఉండగానే తెరకెక్కింది. ఆ సాహసాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని అది వ్యాపార సినిమా చట్రం దాటలేదు. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’ దారి వేరు. కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటాన్ని చిత్రించిన ఆ సినిమాలో వెట్టి ముందు కనిపిస్తుంది, తుపాకి తర్వాత కనిపిస్తుంది. పోరాటం కంటె ముందు దాని కారణాన్ని చూపటమే ఆ చిత్రం బలం.

ఆ కొలతతో పాలమూరుకు వద్దాం. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదుల మధ్య ఉండి కూడా నీటి కోసం అలమటించిన నేల అది. రాజోలిబండ మళ్లింపు పథకం కింద 87,500 ఎకరాలు పారవలసి ఉండగా చివరి భూములు ఎండాయి. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని వలసపోయిన కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు. ఉద్యమానికి మూలమైన దుఃఖం ఇదే. నగరానికి వచ్చిన ఇటువంటి కట్టుబడి కూలీల బ్రతుకును బి. నర్సింగరావు 1990లో ‘మట్టి మనుషులు’లో చూపారు. అందులో జెండా లేదు. అయినా జెండా ఎందుకు లేచిందో అర్థమవుతుంది.

నాగర్‌కర్నూల్ ప్రాంతపు గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పల్లె విధ్వంసం మీద కట్టిన పాట 2002లో ‘కుబుసం’ చిత్రంలోకి వచ్చింది. సినిమాను మరచినవారు కూడా ఆ పాటను మరువలేదు. ఎందుకంటే అది తెర కోసం పుట్టినది కాదు, జనం పలుకుబడిలోంచి తెరమీదికి నడిచినది.

ఇక్కడే భాష సమస్య వస్తుంది. ఉత్తరాఖండ్ ఉద్యమంపై 2003లో అనుజ్ జోషి తీసిన ‘తేరీ సౌం’ కొండప్రాంతాల సొంత భాషలోనే మాట్లాడింది. హిందీ కాని భాష అని చెప్పుకునే అవకాశం దానికుంది. మనది తెలుగే గనుక, యాసను హాస్యగానికీ దుర్మార్గునికీ అప్పగించి, నాయకుని నోట మరో ప్రాంతపు తెలుగును పలికించటం మన సినిమాకు చిరకాలం అలవాటైంది.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జవాబు చెప్పారు. 1952లో వనపర్తి ఆయనను శాసనసభకు పంపింది. ఆ జవాబు వాదనతో కాదు, పనితో ఇచ్చినది.

రాష్ట్రం 2014లో వచ్చింది. ఇప్పుడు తెలంగాణ యాస తెరమీద గిరాకీ గల సరుకు కూడా అయింది. అయితే యాస వచ్చిన చోటికి, దాన్ని మాట్లాడే కూలీ బ్రతుకు కూడా వచ్చిందా? కథలూ సంభాషణలూ రాసే రచయితలు ముందుగా తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఇదే. గుంపుమేస్త్రీ లెక్కల పుస్తకం తెరవకుండా పాలమూరు కథ పూర్తి కాదు.