కుడి బొత్తాం వెనుక అతిథులు

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఒక ఫైలు మీద మౌస్ కుడి బొత్తాం నొక్కండి. తెరువు, తొలగించు, పేరు మార్చు వంటి ఆదేశాలతో చిన్న పట్టిక ప్రత్యక్షమవుతుంది. ఫైళ్ళను కుదించే సెవెన్‌జిప్ ప్రోగ్రాం ఆ కంప్యూటర్‌లో ఉంటే దాని పేరూ అక్కడ కనిపిస్తుంది. (2021లో వచ్చిన విండోస్ 11లో దీనికోసం పట్టిక చివరి వరుసను నొక్కవలసి రావచ్చు.) పట్టికను చూపేది విండోస్‌లోని ఎక్స్‌ప్లోరర్. సెవెన్‌జిప్ రాసినవారు వేరు. వారి ఆదేశం ఇందులోకి ఎలా చేరింది?

గోడకున్న ప్లగ్గు సాకెట్‌ను చూడండి. మీరు రేపు ఫ్యాను కొంటారో, ఇస్త్రీపెట్టె కొంటారో ఇల్లు కట్టినవారికి తెలియదు. అయినా రంధ్రాల కొలత ముందే నిర్ణయమై ఉంటుంది. 1995లో విడుదలైన విండోస్ 95లో ఎక్స్‌ప్లోరర్‌కు ఇలాంటి సాకెట్లే అమర్చారు. వాటికి తగిలించే చిన్న ప్రోగ్రాములే షెల్ ఎక్స్‌టెన్షన్లు.

ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని రిజిస్ట్రీ అనే చిట్టాలో నమోదు చేస్తారు. మీరు బొత్తాం నొక్కగానే ఎక్స్‌ప్లోరర్ ఆ చిట్టా చూసి, ఎక్స్‌టెన్షన్‌ను పిలుస్తుంది. మొదట, మీరు ఎంచుకున్న ఫైళ్ళు ఏవో దానికి తెలుపుతుంది. తర్వాత, “పట్టికలో ఏ మాటలు చేర్చాలి?” అని అడుగుతుంది. మీరు ఆ మాట నొక్కితే, “ఇక నీ పని చెయ్యి” అంటుంది. ఈ పిలుపులకు సరైన జవాబిచ్చే ప్రోగ్రాంను ఎవరు రాసినా ఎక్స్‌ప్లోరర్ దాన్ని చేర్చుకుంటుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఈ ఎక్స్‌టెన్షన్ పనిచేసేది ఎక్స్‌ప్లోరర్ సొంత మెమరీలోనే. ఒకే ఫ్యూజు మీద రెండు వాటాలున్న ఇంటిని ఊహించుకోండి. పక్క వాటాలో షార్ట్ సర్క్యూట్ అయితే మన దీపం కూడా ఆరిపోతుంది కదా! అలాగే ఎక్స్‌టెన్షన్‌లో తప్పు దొర్లితే ఎక్స్‌ప్లోరరే కూలిపోవచ్చు. తెర అడుగున ఉండే టాస్క్‌బార్‌ను చూపేది కూడా ఎక్స్‌ప్లోరరే కనుక, అదీ మాయమవుతుంది. అతిథి జవాబివ్వడంలో ఆలస్యం చేస్తే పట్టికా ఆలస్యంగానే వస్తుంది.

దీనికి మందు, వేరే ఫ్యూజు. 2007లో అందరికీ అందిన విండోస్ విస్టా నుండి, ఫైలులోని బొమ్మను చిన్నదిగా చేసి చూపే కొత్త తరహా ఎక్స్‌టెన్షన్లను మామూలుగా వేరే ప్రాసెస్‌లో నడుపుతున్నారు. ఆపిల్ సంస్థ 2014లో తెచ్చిన యోసమైటీలో ‘ఫైండర్ సింక్’ ఎక్స్‌టెన్షన్లకూ ఇదే పద్ధతి. అక్కడ అతిథి కూలినా ఇల్లు నిలుస్తుంది. కాకపోతే, రెండు ప్రాసెస్‌లు సందేశాలు పంపుకోవాలి కనుక కొంత అదనపు శ్రమ తప్పదు.

ఈసారి కుడి బొత్తాం నొక్కినప్పుడు పట్టికలో విండోస్ సొంత మాటలెన్ని, అతిథుల మాటలెన్ని లెక్కపెట్టండి. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాంను చేర్చేముందు మాత్రం ఆలోచించండి. ఒకే ఫ్యూజు కింద ఉండబోయేవారెవరో తెలుసుకోవడం మంచిది కదా!