పొట్టేళ్ళ పెంపకంలో కత్తికి బదులు టీకా

మాంసం కొరకు గొర్రెలను పెంచేవారిని తరతరాలుగా వేధిస్తున్న సమస్య ఒకటి ఉన్నది. పొట్టేలు పిల్లను యథాతథంగా ఎదగనిస్తే త్వరగా బరువెక్కుతుంది. మాంసంలో కొవ్వు తక్కువగా ఉంటుంది. కాని యుక్తవయస్సు రాగానే అది మేత మాని ఆడ గొర్రెల వెంట తిరుగుతుంది, తోటి పొట్టేళ్ళతో కుమ్ములాటకు దిగుతుంది. విత్తులు కొట్టిస్తే జీవం సాధువవుతుంది. అయితే ఎదుగుదల మందగించి, తిన్న మేతలో అధిక భాగం కొవ్వుగా మారుతుంది. ఈ లాభనష్టాలు రెండింటికీ మూలం వృషణాలలో ఉత్పత్తి అయ్యే టెస్టోస్టిరాన్ అనే హార్మోనే.

విత్తులు కొట్టడానికి కత్తిని, బర్డిజో పట్టకారును, రబ్బరు వలయాన్ని వాడుతారు. ఏ పద్ధతిలోనైనా జీవానికి బాధ తప్పదు. కత్తి గాయానికి చీము, పురుగు పట్టే ప్రమాదం కూడా ఉన్నది. మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, నిర్ణీత పద్ధతిలో చేసే ఈ క్రియను నేరాల నుండి మినహాయించింది.

దీనికి ప్రత్యామ్నాయం మెదడు పరిశోధనల నుండి లభించింది. హైపోథాలమస్ నుండి వెలువడే ఒక చిన్న హార్మోను పీయూష గ్రంథిని, తద్వారా వృషణాలను పనిచేయిస్తుంది. పది అమైనో ఆమ్లాల ఈ హార్మోను నిర్మాణాన్ని 1971లో షాలీ పందుల మెదళ్ళ నుండి, గిలెమిన్ గొర్రెల మెదళ్ళ నుండి కనుగొన్నారు. 1977లో వారిరువురూ నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఈ హార్మోను అతి చిన్నది. పైగా శరీరానికి సొంతమైనది. అందుచేత దానిని పోలిన పదార్థాన్ని ఒక పెద్ద మాంసకృత్తుకు జతచేసి టీకాగా ఇస్తారు. అప్పుడు పుట్టే ప్రతిరక్షకాలు జీవం సొంత హార్మోనును కూడా బంధిస్తాయి. టెస్టోస్టిరాన్ తగ్గి, వృషణాలు కుంచించుకుపోతాయి. మొదటి మోతాదు శరీరాన్ని సిద్ధపరుస్తుంది. అసలు ప్రభావం రెండవ మోతాదు తరువాతనే. ఈ వ్యవధి పెంపకందారుకు కలిసివస్తుంది. అంతవరకు పిల్ల పొట్టేలుగానే కండ పెంచుకుంటుంది. అందువల్ల దాని మాంసం, చిన్ననాడే విత్తులు కొట్టిన జీవం మాంసం కంటె తక్కువ కొవ్వుతో ఉండగలదు.

పరిమితులూ లేకపోలేదు. ప్రతి జీవాన్ని రెండు పర్యాయాలు పట్టుకొని సూది వేయాలి. అన్నింటిలో స్పందన ఒకే తీరుగా ఉండదు. కాలక్రమేణా ప్రభావం సన్నగిల్లుతుంది. సూది పొరపాటున మనిషికి గుచ్చుకుంటే అతని హార్మోన్లపైనా ప్రభావం పడవచ్చును. పందుల కొరకు ఇటువంటి టీకా 1998లోనే ఆస్ట్రేలియాలో వాడుకలోకి వచ్చింది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి. ఇక్కడి కాపరికి ముందుగా తేలవలసిన ప్రశ్న అమ్మకపు వయస్సు. యుక్తవయస్సుకు ముందే అమ్మే పిల్లకు కత్తీ అవసరం లేదు, టీకా అవసరం లేదు. పెద్దయ్యే వరకు పోషించే మందలలోనే ఈ ఎంపికకు అర్థమున్నది. అక్కడ టీకా ఖర్చును, ఎదిగే కండతోపాటు జీవానికి తప్పే బాధతోను తూచి చూడడం సమంజసం.