130 కిలోమీటర్ల మెలకువ

2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు గంటల వేళ హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. ఒకటి 107 నంబరు బస్టాప్ దగ్గర, ఇంకొకటి ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. 15 మందికి పైగా చనిపోయారు. నేనప్పుడు అక్కడికి కిలోమీటరు దూరంలో ఓ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను.

అమ్మ సూర్యాపేట నుంచి పదకొండింటికి ఫోన్ చేసింది. ఒంటిగంటన్నరకు మళ్లీ. నాలుగింటికి ఇంకోసారి.

‘‘ఏమైందమ్మా?’’

‘‘ఏం లేదు బిడ్డా, ఊకెనే చేసిన. పండుకున్నవా?’’

పడుకున్నవాణ్ని లేపి పడుకున్నావా అని అడగడం అమ్మలకే చెల్లింది. ఆవిడ వెనకాల టీవీ మోగుతూనే ఉంది. అదే రోడ్డు, అవే చెల్లాచెదురైన చెప్పులు, అదే అంబులెన్స్ కూత. కిలోమీటరు దూరంలో ఉన్న నేను ఎలాగో కునుకు తీశాను. 130 కిలోమీటర్ల అవతల అమ్మకు తెల్లవార్లూ కంటిమీద కునుకు లేదు.

ఇది తల్లి మనసు అని సరిపెట్టుకున్నాను చాలాకాలం. సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్ 15న అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేలమందిని ప్రశ్నించారు. పేలుడు తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకుమించి ఆ వార్తలకే అతుక్కుపోయినవాళ్లలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. సంఘటనా స్థలంలో ఉన్నవాళ్లలో కన్నా ఎక్కువగా! బాంబు ఒక్కసారే పేలుతుంది. టీవీలో రాత్రంతా పేలుతూనే ఉంటుంది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. భయం ముందు ఈ రెండో మాట చెల్లదు. ముప్పు ఉందని మెదడు అనుకుంటే చాలు, అమిగ్డలా అనే చిన్న భాగం కావలివాడిలా లేచి కూర్చుంటుంది. నోరెడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పుంజుకుంటుంది. ముప్పు గుమ్మంలో ఉందా, తెరమీద ఉందా అన్న తేడా ఆ కావలివాడికి అంతగా పట్టదు. ఇక పట్టేది కోడికునుకే. వీధిలో సైలెన్సర్ పేలినా ఉలిక్కిపడి లేస్తాం.

కొత్తచోట మొదటిరాత్రి నిద్ర సరిగా పట్టదు కదా. ఆ రాత్రి మెదడులో ఒక సగం రెండోదానికన్నా తేలిగ్గా నిద్రపోతూ చప్పుళ్లకు చెవి ఒగ్గి ఉంటుందని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. రోజూ బస్సెక్కే చోటే బాంబు పేలితే సొంత వీధి కూడా కొత్త ఊరే అవుతుందని నాకనిపిస్తుంది.

మా గదిలో ఒకడు ఆ సాయంత్రం బస్టాప్ దగ్గరే ఉన్నాడు. ఒంటిమీద గీత పడలేదు. ఆ రాత్రి మొద్దులా నిద్రపోయాడు, మేమే చాలాసేపు వాణ్ని చూస్తూ కూర్చున్నాం. రెండు వారాలకు పీడకలలు మొదలయ్యాయి. హాస్టల్ వంటమనిషి సైకిల్ మెట్లకింద ఆనించి ఉండేది. వీడు అర్ధరాత్రి లేచి, ఫోన్ లైటు వేసుకుని కిందికి దిగేవాడు. క్యారియర్ తడిమి చూసేవాడు, ఖాళీ. పైకొచ్చి పడుకునేవాడు. గంటకు మళ్లీ లేచేవాడు. మేం నవ్వాం కూడా. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అలాంటి పీడకలలకు మందు బిళ్లలే దారి కాదని అప్పుడు మాకు తెలియదు. వెంటాడే కలను పట్టపగలు, మెలకువగా ఉన్నప్పుడే గుర్తుచేసుకుని, దాని కథను తనకు నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కథను రోజూ కాసేపు మనసులో నడిపించుకునే చికిత్స ఒకటుంది. అది చాలామందికి పనిచేస్తుంది. క్యారియర్ మీద బాంబు బదులు పాలక్యాను ఉండొచ్చు, కూరగాయల సంచి ఉండొచ్చు. వాడికి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఆ వేసవిలో హాస్టల్ ఖాళీచేసి ఊరెళ్లిపోయాడు.

2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గామ్‌లో ఉగ్రవాద దాడి జరిగిన రాత్రి ఈసారి నేనే అమ్మకు ఫోన్ చేశాను. పదకొండు దాటింది. వెనకాల టీవీ మోగుతోంది.

‘‘అది బంద్ చేసి పండుకోరాదే అమ్మా.’’

‘‘బంద్ చేస్తే నిద్ర ఎట్ల పడ్తది బిడ్డా? ఏమైతున్నదో తెల్వొద్దా?’’