న్యాయిక వేర్పాటు, విడాకులు: సంఘము గుర్తించవలసిన భేదము

ఉపోద్ఘాతము

గుంటూరు, ప్రకాశం మెట్టభూములలో క్రైస్తవ సంఘముల చరిత్ర చిన్నది కాదు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరిన నాటినుండి లూథరన్ సంఘము, 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన నాటినుండి బాప్తిస్టు సంఘము ఈ పత్తి, మిరప పల్లెలలో వేరూనినవి. ఇక్కడ వివాహమును సంఘకాపరి జరిపించును, రిజిస్టరులో వ్రాయును, ప్రార్థించి దీవించును. అయితే అదే వివాహము చెడినప్పుడు కుటుంబములు తరచుగా వెళ్లునది పెద్దమనుషుల వద్దకు. అరుగు మీద పంచాయితీ జరుగును, పెట్టిన సొమ్ము లెక్క తేలును, స్టాంపు కాగితము మీద ఇద్దరి సంతకములు పడును. "విడాకులు అయిపోయినవి" అని అందరు ఇండ్లకు వెళ్లిపోవుదురు. కొంతకాలమునకు ఆ ఇద్దరిలో ఒకరు రెండవ వివాహము కొరకు కాపరి వద్దకు వచ్చుదురు. ఆయన ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు మూడు సంగతులను వేరుచేసి చూడవలెను. అవి ఊరకే విడిగా ఉండుట, కోర్టు ఇచ్చు న్యాయిక వేర్పాటు (జ్యుడిషియల్ సెపరేషన్), విడాకులు. మన సంభాషణలో ఈ మూడింటికి "విడిపోయారు" అను ఒక్క మాటనే వాడుచున్నాము. చట్టములో గాని, వాక్యములో గాని ఇవి ఒకటి కావు.

1. చట్టము యొక్క పూర్వరంగము

మధ్యయుగపు పాశ్చాత్య సంఘము వివాహబంధము తెగదని బోధించినది. అయినను కలిసి జీవించుట అసాధ్యమైనప్పుడు "మంచము నుండియు భోజనపు బల్ల నుండియు" వేర్పాటును అనుమతించినది. దంపతులు వేరుగా ఉందురు గాని బంధము నిలిచియుండును. ఇంగ్లండులో 1857 నాటి చట్టము దీనిని సంఘ న్యాయస్థానముల చేతినుండి తీసి, న్యాయిక వేర్పాటు అను పేరుతో ప్రభుత్వ న్యాయస్థానమునకు అప్పగించినది. మన దేశములో క్రైస్తవుల కొరకు 1869లో చేసిన విడాకుల చట్టము దానినే అనుసరించినది.

ఆ చట్టము స్త్రీలకు కఠినమైనది. భార్య వ్యభిచారమును రుజువు చేసిన చాలును, భర్తకు విడాకులు దొరికెడివి. భార్యకైతే భర్త వ్యభిచారము ఒక్కటే చాలదు. దానితోపాటు క్రూరత్వమునో, రెండేండ్లు విడిచిపెట్టుటనో కూడ చూపవలసియుండెను. అందుచేత కేవలము క్రూరత్వమును అనుభవించిన క్రైస్తవ స్త్రీకి దొరికిన ఉపశమనము న్యాయిక వేర్పాటు మాత్రమే.

దీని ఫలితము 1985లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యములో తేటగా కనబడినది. మేఘాలయకు చెందిన ఒక ఖాసీ క్రైస్తవ స్త్రీ తన వివాహమును రద్దు చేయుమని కోరగా, ఢిల్లీ హైకోర్టు క్రూరత్వము కారణముగా వేర్పాటును మాత్రమే ఇచ్చినది. ఆమె భర్తతో కలిసి ఉండనవసరము లేదు, కాని ఆయన భార్యగానే మిగిలినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మన తెలుగువాడైన ఓ. చిన్నప్పరెడ్డి గారు. వివాహము పూర్తిగా చితికిపోయినను ఆమెకు దారి లేకపోవుటను గుర్తించి, వివాహచట్టములను సంస్కరించవలెనని ఆయన వ్రాసిరి. కేరళ హైకోర్టు 1995లోను, బొంబాయి హైకోర్టు 1997లోను ఈ చట్టములోని వివక్షను తప్పుపట్టినవి. చివరకు 2001లో పార్లమెంటు చట్టమును సవరించినది. ఇప్పుడు వ్యభిచారము, క్రూరత్వము, రెండేండ్లు విడిచిపెట్టుట మొదలైనవి భార్యాభర్తలిద్దరికి సమానముగా విడాకుల కారణములు. ఇద్దరి అంగీకారముతో విడాకులు పొందుటకు 10ఎ సెక్షను కూడ చేర్చబడినది.

2. రెండింటి మధ్య భేదము

చట్టములోని 22వ సెక్షను ప్రకారము వ్యభిచారము, క్రూరత్వము, రెండేండ్లు లేదా అంతకు మించి విడిచిపెట్టుట అను కారణములపై న్యాయిక వేర్పాటు కోరవచ్చును. ఆ డిక్రీ వచ్చిన తరువాత కలిసి కాపురము చేయవలెనను బాధ్యత నిలిచిపోవును, వివాహము మాత్రము నిలిచియుండును. కాబట్టి మరల వివాహము చేసికొనుటకు వీలులేదు. విడాకుల డిక్రీతో వివాహమే ముగియును. అప్పుడు కూడ అప్పీలు గడువు తీరిన తరువాతనే, లేదా అప్పీలు కొట్టివేయబడిన తరువాతనే పునర్వివాహము చెల్లును.

ఆస్తి విషయములో 24వ సెక్షను మన ప్రాంతపు స్త్రీలు తప్పక తెలిసికొనవలసినది. వేర్పాటు డిక్రీ నాటినుండి భార్య సంపాదించుకొను ఆస్తి విషయములో ఆమె అవివాహితగా ఎంచబడును. మిరపకోతల కూలితో, పత్తితీతల కూలితో కూడబెట్టి ఆమె కొన్న గేదె గాని, ఇంటిస్థలము గాని ఆమెదే. ఆమె వీలునామా లేకుండ చనిపోయినయెడల, భర్త అప్పటికే మరణించినట్లు ఎంచి ఆ ఆస్తిని వారసులకు పంచుదురు. అయితే భర్త ముందుగా చనిపోయినయెడల, వివాహము నిలిచియున్నందున ఆమె ఆయన విధవరాలే. విడాకులు పొందిన స్త్రీకి ఆ స్థానము లేదు. డిక్రీ పొందిన భార్య శాశ్వత భరణమును రెండు సందర్భములలోను కోరవచ్చును.

3. వేర్పాటు విడాకులకు మెట్టా?

ఇక్కడనే చాలమంది పొరబడుదురు. 1955 నాటి హిందూ వివాహ చట్టములో వేర్పాటు డిక్రీ తరువాత ఒక సంవత్సరము కాపురము తిరిగి మొదలు కానియెడల, ఆ కారణముపైనే ఇద్దరిలో ఎవరైనను విడాకులు కోరవచ్చును. క్రైస్తవుల చట్టములో అట్టి నిబంధన లేదు. వేర్పాటు ఎన్ని ఏండ్లు సాగినను అది తనంతట తాను విడాకులుగా మారదు. ఇద్దరు ఒప్పుకొన్నయెడల విడిగా గడిపిన కాలము 10ఎ సెక్షను కోరు రెండేండ్ల ఎడబాటు క్రింద లెక్కకు వచ్చును. ఒకరు ఒప్పుకొననియెడల, రెండవవారు చట్టము చెప్పిన కారణములలో ఒకదానిని రుజువు చేయవలసినదే.

4. ఏ చట్టము వర్తించును?

ఇది మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులముల జాబితా వెలుపల ఉంచినందున, బాప్తిస్మము పొందిన అనేక కుటుంబములు ప్రభుత్వ కాగితములలో హిందువులుగా వ్రాయబడియున్నవి. వివాహము దేవాలయములో కాపరి చేతిమీదుగా జరుగును, కాగితము మరియొక మాట చెప్పును. వివాదము వచ్చినప్పుడు "మాకు ఆ చట్టము వర్తించదు" అని ఒక పక్షము వాదించుటకు ఇది తావిచ్చును. క్రైస్తవునికి, హిందువునకు మధ్య హిందూ ఆచారము చొప్పున జరిగిన వివాహము హిందూ వివాహ చట్టము క్రింద చెల్లదని, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. అట్టి తగాదాలలో మన బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు సాక్ష్యములగును. వాటిని శ్రద్ధగా వ్రాయుట కేవలము గుమాస్తా పని కాదు.

5. వాక్యపు వెలుగులో

1 కొరింథీ 7:10, 11లో పౌలు భార్య భర్తను ఎడబాయకూడదని చెప్పి, ఒకవేళ ఎడబాసినయెడల వివాహము లేకుండ ఉండవలెనని, లేదా సమాధానపడవలెనని చెప్పుచున్నాడు. పైకి చూచుటకు ఇది న్యాయిక వేర్పాటును పోలియున్నది. అయితే రోమా చట్టములో అట్టి మధ్యస్థితి లేదు. ఇల్లు విడిచి వెళ్లుటయే సాధారణముగా విడాకులుగా చెల్లెడిది. గ్రీకులో ఇక్కడ వాడబడిన క్రియ, మత్తయి 19:6లో "వేరుపరచుట" అను మాటకు మూలమైన క్రియయే. తెలుగు అనువాదము ఒకచోట ఒక మాటను, మరియొకచోట మరియొక మాటను వాడినందున ఈ సంబంధము మనకు కనబడదు. కాబట్టి పౌలు మాటలలో నేటి చట్టపు వేర్పాటును యథాతథముగా చదువరాదు. ఆయన తెరచియుంచుచున్నది సమాధానపు ద్వారము. మత్తయి 19:9లోని మినహాయింపును, 1 కొరింథీ 7:15లో అవిశ్వాసి ఎడబాసిన సందర్భమును ఆధారము చేసికొని లూథరు మొదలైన సంస్కర్తలు వ్యభిచారము, విడిచిపెట్టుట అను కారణములపై విడాకులను అంగీకరించిరి. రోమను కథోలిక సంఘము నేటికిని బంధము నిలిచియుండు వేర్పాటునే అనుమతించును.

ఒక హెచ్చరిక అవసరము. సమాధానపడుమను మాటను, కొట్టబడుచున్న స్త్రీని ఆ ఇంటికే త్రిప్పి పంపుటకు వాడరాదు. పౌలు సమాధానపు మాట చెప్పునప్పుడే ఎడబాసి యుండుటను కూడ ఊహించెను. ప్రాణభయము గల స్త్రీకి న్యాయిక వేర్పాటు, 2005 నాటి గృహహింస చట్టము ఇచ్చు రక్షణ, వివాహబంధమును తెంపకయే ఆశ్రయము కాగలవు.

6. కాపరి ముందున్న కర్తవ్యము

మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చుచున్నాము. పెద్దమనుషుల కాగితము క్రైస్తవ వివాహమును రద్దు చేయదు. సంఘ కమిటీ తీర్మానమును చేయదు. సంఘ న్యాయస్థానము ఇచ్చిన రద్దుకు పౌరచట్టములో విలువ లేదని సుప్రీంకోర్టు 1996లో తెలిపినది, 2017లో మరల అదే దృష్టిని వహించినది. ఆ కాగితమును నమ్మి రెండవ వివాహము జరిపించినయెడల అది చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద అది నేరమగును. అన్నిటికంటె ఎక్కువగా నష్టపోవునది, ఏమియు ఎరుగక భార్యగా వచ్చిన రెండవ స్త్రీ.

కాబట్టి కాపరి అడుగవలసినది కోర్టు డిక్రీ ప్రతి. అది చేతికి వచ్చిన తరువాత అది వేర్పాటు డిక్రీయా, విడాకుల డిక్రీయా అని చదువవలెను. అప్పీలు గడువు తీరినదా అని విచారించవలెను. కోర్టు ఖర్చులకు భయపడు స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయునని చెప్పవలెను.

ముగింపు

న్యాయిక వేర్పాటు తలుపును దగ్గరకు వేయును, విడాకులు తాళము వేయును. వేర్పాటును కోరినవారు తిరిగివచ్చు ఆశను నిలుపుకొనవచ్చును, మరల వివాహమాడలేరు. విడాకులు పొందినవారు ఆ స్వేచ్ఛను పొందుదురు, కొన్ని హక్కులను కోల్పోవుదురు. ఏది కోరవలెనో నిర్ణయించవలసినది బాధలోనున్న ఆ వ్యక్తియే. ఆ నిర్ణయము తెలిసి చేసికొనునట్లు సహాయపడుట సంఘము పని. వివాహమును దీవించిన చేతులు, అది విరిగిన దినమున దులిపివేసికొనుట తగదని మేము తలంచుచున్నాము.